ఖాళీ నెలను లెక్కలో వేశారా?

ప్రశ్న: నా వయసు 36. నేనూ, నా భార్యా ఇద్దరం ఉద్యోగస్తులం. ఉండటానికి సొంత ఇల్లు ఉంది, దాని మీద అప్పు లేదు. ఏడేళ్లుగా కూడబెట్టిన డబ్బు ఇప్పుడు ఒక చిన్న ఫ్లాట్‌కి డౌన్ పేమెంట్‌గా సరిగ్గా సరిపోతుంది. అద్దెకిచ్చే ఉద్దేశంతో కొందామని చూస్తున్నాను. మా బావగారికి అలాంటివి మూడు ఇళ్లున్నాయి. "అద్దే ఈఎంఐ కట్టేస్తుంది, పదేళ్లలో రేటు రెట్టింపవుతుంది, ఆలోచిస్తూ కూర్చుంటే ఎప్పటికీ కొనలేవు" అంటారు. మా ఆఫీసులో ఒకాయనకి మాత్రం వడ్డీ పెరిగింది, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు, రెండేళ్లకే ఫ్లాట్‌ని నష్టానికి అమ్ముకున్నాడు. "ఆ జోలికే పోకు" అంటాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నాలాంటి చిన్నవాడు ఎలా మొదలుపెట్టాలి? మధ్యలో పరిస్థితి తిరగబడితే ఏం చేయాలి?

జవాబు: మీ బావగారు అబద్ధం చెప్పడం లేదు. ఆఫీసు మిత్రుడూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి జరిగింది వాళ్లు చెబుతున్నారు. వాళ్లిద్దరి మాటలకంటే మీ ఉత్తరంలో ఇంకో ముక్క దగ్గర నా కన్ను ఆగింది. డబ్బు డౌన్ పేమెంట్‌గా "సరిగ్గా సరిపోతుంది" అని రాశారు. చిక్కంతా ఆ "సరిగ్గా"లోనే ఉంది. అంటే రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు మీ చేతిలో ఏమీ ఉండదన్నమాట. నాకు తెలిసిన చిన్న మదుపరుల్లో దెబ్బతిన్నవాళ్లు ఎక్కువమంది పనికిమాలిన ఇల్లేమీ కొనలేదు. మంచి ఇల్లే కొన్నారు, నాలుగు చెడ్డ నెలలు దాన్ని మోయడానికి చేతిలో డబ్బు లేక అమ్ముకున్నారు. మీ మిత్రుడి కథ కూడా అదేనేమో, ఓసారి అడిగి చూడండి.

నా సంగతే చెబుతాను. నేను మొదటి ఇల్లు కొన్న మూడో నెలలోనే అద్దెకున్న కుటుంబం ఉద్యోగం బదిలీ అయి వెళ్లిపోయింది. అప్పటికి పక్క ఇళ్ల అద్దెలు కాస్త పెరిగాయి కాబట్టి నేనూ పాత అద్దె మీద 10 శాతం పెంచి చెప్పాను. వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోయేవారు. నేను పట్టు విడవలేదు. ఇల్లు ఐదు నెలలు ఖాళీగా ఉంది. చివరికి పాత అద్దెకే ఇచ్చాను. ఐదు నెలలూ ఈఎంఐ జీతంలోంచి కట్టాను, రెండు నెలలు క్రెడిట్ కార్డు మీద ఇల్లు గడిచింది. తీరిక దొరికాక కాగితం మీద లెక్క వేసుకుంటే సిగ్గేసింది. ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉంటే పోయేది ఏడాది అద్దెలో 8 శాతం పైమాటే. అంటే నెల రోజులు ఆగడం కంటే మొదటి రోజే 8 శాతం తగ్గించి ఇచ్చినా ఆ ఏడాదికి లెక్క సమానం. అదే 10 శాతం ఎక్కువ అద్దె కోసం రెండు నెలలు ఆగారనుకోండి, ఆ రెండు నెలల నష్టం పూడటానికి కొత్త అద్దెదారు 20 నెలలు ఉండాలి. నేను ఐదు నెలలు ఆగాను. ఆ 10 శాతం దొరికినా సరే, పూడటానికి 50 నెలలు పట్టేది.

చిన్న మదుపరికీ పెద్ద కంపెనీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. వంద ఫ్లాట్లున్న కంపెనీకి ఐదు ఖాళీ అయితే ఆదాయం 5 శాతం తగ్గుతుంది, వాళ్ల మేనేజరు ఒక మీటింగ్ పెడతాడు. ఒకే ఫ్లాట్ ఉన్న మీకు ఖాళీ అంటే నూటికి నూరు ఖాళీ. మీ బావగారికి మూడున్నాయి కాబట్టి ఒకటి ఖాళీ అయినా మిగతా రెండూ కొంత మోస్తాయి. ఆయన ధైర్యంలో సగం ఆ రెండు ఇళ్లదే.

ఇప్పుడు "అద్దే ఈఎంఐ కట్టేస్తుంది" అన్న మాట చూద్దాం. నిజమైన అంకెలు మీ దగ్గరే ఉంటాయి, నేను ధరను 100 అనుకుని లెక్క వేస్తాను. మీ అంకెలు అందులో పెట్టుకోండి.

ఇంటి ధర 100. రిజిస్ట్రేషన్, లాయరు, బ్రోకరు, గోడలకి సున్నాలు, చిన్న రిపేర్లు కలిపి ఇంకో 8 అవుతుందనుకుందాం. బ్యాంకు 80 ఇస్తుంది. మీ జేబులోంచి పోయేది 20 అనుకుంటారు, నిజానికి 28. అద్దె నెలకు అర, అంటే ఏడాదికి 6. అమ్మేవాళ్లు "6 శాతం రాబడి" అని చెప్పేది ఈ అంకెనే. ఇందులో ఏడాదికో నెల ఖాళీ తీసేయండి, అర పోయింది. రిపేర్లకి 1. ఇంటి పన్ను, బీమా, మెయింటెనెన్స్ ఛార్జీలు కలిపి 0.7. మిగిలింది 3.8. మీరు పెట్టిన మొత్తం 108 మీద అది 3.5 శాతం.

ఇక అటు వైపు. 80 లోను, 20 ఏళ్లు, 9 శాతం వడ్డీ. నెలకు ఈఎంఐ 0.72, ఏడాదికి 8.64. చేతికొచ్చేది 3.8, కట్టాల్సింది 8.64. తేడా 4.84, అంటే నెలకు 0.4. నెల అద్దెలో ఐదింట నాలుగు వంతులంత డబ్బు ప్రతి నెలా మీ జీతంలోంచి ఆ ఇంట్లోకి పోతుంది. అద్దె ఈఎంఐ కట్టడం లేదు, మీరే కడుతున్నారు, అద్దె కొంచెం చేయి వేస్తోంది. ఇదే ఇంటికి, ఇదే వడ్డీకి అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోవాలంటే లోను 35 దాటకూడదు. మిగతా 73 మీరే పెట్టాలి.

అందుకని బావగారి మాట తప్పు అనేయకండి. ఏడాది అద్దె ధరలో 10 వచ్చే చోట, వడ్డీ 6 శాతం ఉన్న రోజుల్లో ఆయన కొని ఉంటే, అన్ని ఖర్చులూ పోగా ఆయనకి సుమారు 7.5 మిగిలేది, ఈఎంఐ 6.9 అయ్యేది. అప్పుడు అద్దె నిజంగానే ఈఎంఐ కట్టింది. ఆ మాట ఒక అద్దెకీ ఒక వడ్డీకీ మధ్య పుట్టింది. ఆ రెండూ మారిపోయాక మాట మాత్రం మిగిలింది. ఇంకో విషయం, ఆయన బహుశా ఎప్పుడో కొన్న ధర మీద ఇవాళ్టి అద్దెను లెక్కేసి "నాకు 12 శాతం వస్తోంది" అంటుంటారు. అది ఆయనకి సంతోషం, మీకు పనికిరాదు. మీరు కొనేది ఇవాళ్టి ధరకి.

"పదేళ్లలో రెట్టింపు" సంగతి. 72ని ఏడాది పెరుగుదల శాతంతో భాగిస్తే రెట్టింపవడానికి పట్టే ఏళ్లు వస్తాయి, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లంతా వాడే చిట్కా. పదేళ్లలో రెట్టింపు అంటే ఏటా 7.2 శాతం, ఆగకుండా, పదేళ్లు. అలా పెరిగిన ప్రాంతాలున్నాయి. పెరగనివీ ఉన్నాయి. జపాన్‌లో 1991 ప్రాంతంలో భూముల ధరలు శిఖరానికి చేరాయి, ఆ తర్వాత పదేళ్లు దాటినా దిగుతూనే ఉన్నాయి. అమెరికాలో 2006 శిఖరం నుంచి 2012 నాటికి ఇళ్ల ధరలు జాతీయ సగటున నాలుగో వంతుకు పైగా పడ్డాయి. నోబెల్ పొందిన ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ ఆ దేశపు పాత ధరలన్నీ పోగుచేసి చూస్తే, ద్రవ్యోల్బణం తీసేశాక 1890కీ 1990కీ మధ్య నూరేళ్లలో ఇళ్ల ధరలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. అన్ని దేశాలూ అలాగే అవుతాయని నేననను. ధర పెరుగుదలను బోనస్‌గా చూడండి, జీతంగా చూడకండి అనే చెబుతున్నాను. పెరిగితే సంతోషం. పెరగకపోయినా మీ సంసారం నడవాలి.

పైగా అప్పుతో కొన్నప్పుడు ఎత్తుపల్లాలు రెండూ పెద్దవవుతాయి. మీవి 20, బ్యాంకువి 80 అయితే, ధర 10 పెరిగినప్పుడు మీ 20 కాస్తా 30 అవుతుంది, 50 శాతం లాభం. విందులో చెప్పుకునే కథ ఇదే. ధర 20 తగ్గితే మీ 20 మొత్తం పోతుంది, అప్పు 80 అలాగే ఉంటుంది. ఈ కథ ఎవరూ చెప్పుకోరు. మీ మిత్రుడు చెప్పాడంటే మంచివాడన్నమాట.

వడ్డీ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అక్కడ పడేది కంటికి కనిపించని దెబ్బ. ఫ్లోటింగ్ రేటు లోను, అంటే మధ్యలో వడ్డీ మారే లోను తీసుకున్నారనుకోండి, వడ్డీ పెరిగినప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ ముట్టుకోవు, గడువు పొడిగిస్తాయి. నెలనెలా కట్టేది మారలేదు కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. 20 ఏళ్ల లోను తీసుకున్న కొత్తల్లోనే 9 శాతం వడ్డీ 10 అయితే, ఈఎంఐ అదే ఉంచితే గడువు 26 ఏళ్లు దాటుతుంది. 11 శాతం అయితే? ఆ ఈఎంఐ నెల వడ్డీకి కూడా చాలదు. ఎంత కట్టినా అప్పు ఎప్పటికీ తీరదు, నెలనెలా కొంచెం పెరుగుతుంది కూడా. అలాంటప్పుడు బ్యాంకే పిలిచి ఈఎంఐ పెంచమంటుంది. అదీ ఏకంగా 15 శాతం దాకా. ఇలాంటి పెరుగుదల ఊహల్లో మాత్రమే జరిగేది కాదు. అమెరికాలో 2021లో 3 శాతం దగ్గర ఉన్న 30 ఏళ్ల గృహ రుణ వడ్డీ 2023 అక్టోబరుకి దాదాపు 8 శాతానికి చేరింది. అక్కడ ఎక్కువమందిది ఫిక్స్‌డ్ రేటు కాబట్టి పాతవాళ్లు తప్పించుకున్నారు. ఫ్లోటింగ్ రేటు ఎక్కువగా నడిచే దేశాల్లో తప్పించుకోలేదు.

ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. 9 శాతం వడ్డీతో 20 ఏళ్ల లోనులో మొదటి ఈఎంఐలో ఆరింట ఐదు వంతులు వడ్డీయే. అసలులో సగం తీరేసరికి 14 ఏళ్లు పడుతుంది. కాబట్టి "రెండు మూడేళ్లు చూసి అమ్మేస్తాలే" అనుకుంటే, ఆ మూడేళ్లూ మీరు కట్టినదాంట్లో ఐదింట నాలుగు వంతులు వడ్డీయే. అమ్మేటప్పుడు మళ్లీ బ్రోకరు, పన్నులు. కొనడానికి 8 ఖర్చయితే, ధర 8 పెరిగినా మీరింకా మొదలుపెట్టిన చోటే ఉన్నారు. ఏడెనిమిదేళ్లు ఉంచుకోలేనివాళ్లకి ఇల్లు తగిన పెట్టుబడి అని నేననుకోను.

ఇక మీ ప్రశ్నకి నేరుగా వస్తాను. ఇప్పుడున్న డబ్బుతో, ఇప్పుడనుకుంటున్న పద్ధతిలో మీరు కొనకూడదని నా అభిప్రాయం. ముందు నిలవ, తర్వాత డౌన్ పేమెంట్. నిలవ అంటే కనీసం ఆరు నెలల ఈఎంఐ, ఆ ఆరు నెలల మెయింటెనెన్స్, ఒక పెద్ద రిపేరు ఖర్చు. నీటి పైపులు, కరెంటు వైరింగు, పైకప్పు కారడం, వీటిలో ఏదో ఒకటి ఒకసారైనా తప్పదు. ఇది మీ ఇంటి అత్యవసరాలకి దాచుకున్న డబ్బుకి వేరుగా ఉండాలి. ఆ నిలవ పక్కన పెట్టాక మిగిలిన దానితో ఎంత ఇల్లు వస్తుందో అంతే కొనండి. చిన్నదే వస్తుందా? చిన్నదే కొనండి. ఏమీ రాదా? ఇంకో రెండేళ్లు ఆగండి. ఆలోచిస్తూ కూర్చుంటే కొనలేవని బావగారు అంటారు, ఆ భయం నాకూ తెలుసు. కానీ ఆ రెండేళ్లూ ఊరికే కూర్చోనక్కర్లేదు.

నేనైతే ముందు అద్దెదారుతో వ్యవహరించడం నేర్చుకుంటాను. మీరుంటున్న ఇంట్లో విడిగా ఇవ్వదగ్గ గది గానీ, పై వాటా గానీ ఉంటే అద్దెకిచ్చి చూడండి. మనిషిని ఎంచుకోవడం, కాగితం రాసుకోవడం, అడ్వాన్స్ తిరిగివ్వడం, రాత్రి 11కి కుళాయి విరిగిందని ఫోన్ వస్తే చిరాకు పడకుండా ఉండటం, ఇవన్నీ అప్పు లేకుండా అక్కడే నేర్చుకోవచ్చు. ఏడాది తర్వాత "ఇది మనకి సరిపడే పని కాదు" అనిపిస్తే, చాలా చవకగా తెలిసిపోయిందనుకోండి. అద్దె రాబడిని కూర్చుని తినే ఆదాయం అంటారు కానీ, ఆ అన్నవాళ్లెవరూ ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు కాదేమో అని నా అనుమానం.

ఇల్లు కాకుండా ఆస్తుల్లో డబ్బు పెట్టే దారి ఇంకోటి ఉంది, రీట్. అద్దెలొచ్చే పెద్ద భవనాలను ఒక సంస్థ కింద చేర్చి, దాని వాటాలను స్టాక్ మార్కెట్లో అమ్ముతారు. అమెరికాలో 1960లో చట్టం చేసి మొదలుపెట్టారు, చిన్న మదుపరికి కూడా పెద్ద ఆస్తిలో భాగం దక్కాలనేదే అప్పటి ఉద్దేశం. అక్కడి నియమం ప్రకారం పన్ను పడే ఆదాయంలో కనీసం 90 శాతం వాటాదారులకి పంచాలి. ఆ తర్వాత చాలా దేశాలు ఇదే నమూనా తెచ్చుకున్నాయి. ఇందులో కుళాయి ఫోన్లు ఉండవు, కావలసినప్పుడు కొంచెం అమ్ముకోవచ్చు. వాటా ధర మాత్రం స్టాక్ మార్కెట్‌తో పాటు ఊగుతుంది, అది చూసి నిద్రపట్టని మనిషైతే వద్దు. నిలవ కూడబెట్టుకునే ఈ రెండేళ్లలో మీ డౌన్ పేమెంట్ డబ్బు మొత్తం అందులో పెట్టమని మాత్రం చెప్పను. రెండేళ్లలో కావలసిన డబ్బుకి ఫిక్స్‌డ్ డిపాజిటే మేలు.

కొనే రోజు వచ్చిందనుకుందాం. ఏ ఇల్లు? చాలామంది తమకి నచ్చిన ఇల్లు కొంటారు. అందులో ఉండేది మీరు కాదు. "ఈ ఇంటికి అద్దెకొచ్చేవాళ్లు ఎన్ని రకాలవాళ్లు?" అని అడగండి. ఒకే కాలేజీ పిల్లలు, లేదా ఒకే ఫ్యాక్టరీ ఉద్యోగులు వచ్చే చోటైతే ఆ ఒక్క గేటు మూతపడిన రోజు మీ ఇల్లూ మూతే. 2020లో యూనివర్సిటీల చుట్టూ, ఆఫీసుల చుట్టూ అద్దెకిచ్చినవాళ్లకి ఇది చాలా గట్టిగా తెలిసింది. పిల్లలున్న కుటుంబమూ, ఇద్దరు కలిసి ఉండే ఉద్యోగులూ, రిటైరైన దంపతులూ, ముగ్గురూ "సరే" అనే ఇల్లు చూడటానికి మామూలుగా ఉంటుంది. ఆ మామూలు ఇల్లే కావాలి.

చూడటానికి ఆదివారం ఉదయం బ్రోకరుతో వెళ్తారు. మళ్లీ ఒకసారి పనిరోజు రాత్రి 8 గంటలకి ఒక్కరే వెళ్లండి. ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. ఆ బిల్డింగులో ఎన్ని ఖాళీగా ఉన్నాయో బ్రోకరు కంటే ఆ కిటికీలు బాగా చెబుతాయి. పెద్ద వాన పడిన మర్నాడు ఇంకోసారి వెళ్లండి. వాచ్‌మన్‌తో మాట్లాడండి. వీలైతే ఇంతకుముందు అద్దెకున్నవాళ్లు ఎందుకు వెళ్లారో కనుక్కోండి. "బదిలీ" అంటే సరే. "నీళ్లు" అంటే ఆగండి.

కాగితాల విషయంలో ఒక్క మాటే చెబుతాను. బ్యాంకు లోను ఇచ్చింది కాబట్టి టైటిల్, అంటే యాజమాన్య హక్కు, బాగానే ఉంటుందని సరిపెట్టుకోకండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు భద్రత. మీ తరఫున, మీరు ఫీజిచ్చే, అమ్మేవాళ్లతో సంబంధం లేని లాయరు లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత పత్రాలు), తాకట్లు, వారసుల సంతకాలు, కోర్టు కేసులు అన్నీ చూడాలి. మొదటి కొనుగోలుకి కట్టడం పూర్తికాని ఫ్లాట్ కూడా వద్దు. అది పూర్తయ్యేదాకా అద్దె రాదు, వడ్డీ మాత్రం మొదలవుతుంది, ఆ "పూర్తయ్యే" తేదీ బిల్డరు చేతిలో ఉంటుంది. నేను రెండోసారి చేసిన తప్పు అదే. ఏడాదిన్నర అన్నది మూడున్నరేళ్లయింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, తిరగబడితే ఏం చేయాలి? ఏం మారిందో ముందు గుర్తుపట్టాలి, మందు దాన్నిబట్టి ఉంటుంది.

వడ్డీ పెరిగితే బ్యాంకుకి వెళ్లి గడువు ఎంత పొడిగించారో అడగండి, కాగితం మీద తీసుకోండి. కొంచెమైనా ఈఎంఐ మీరే పెంచుకోండి. బోనస్ వచ్చినప్పుడు అసలులో కొంత కట్టండి, మొదటి ఏళ్లలో కట్టేది చివర్లో చాలా వాయిదాలు తీసేస్తుంది. వేరే బ్యాంకులో తక్కువ రేటుంటే ముందు ఆ మాట మీ బ్యాంకు మేనేజరుకి చెప్పి చూడండి. చాలాసార్లు మీ పాత రేటు అక్కడే దిగుతుంది, లోను మార్చే ఖర్చు తప్పుతుంది.

అద్దెకు అడిగేవాళ్లు తగ్గితే, నేను చేసిన పని చేయకండి. రెండు వారాలు ఎవరూ రాలేదంటే అద్దె ఎక్కువైనట్టు. తగ్గించడం మనసొప్పకపోతే వేరే రకంగా ఇవ్వండి. గోడలకి రంగు వేయించండి, బీరువా పెట్టించండి, మంచి అద్దెదారు రెండేళ్లకి ఒప్పుకుంటే మొదటి నెల అద్దె వదిలేయండి. ఉన్న అద్దెదారు మంచివాడైతే మార్కెట్ కంటే 5 శాతం తక్కువకి ఉంచుకోవడం నష్టమేమీ కాదు. అతను వెళ్తే ఒక నెల ఖాళీ, సున్నాలు, బ్రోకరు ఫీజు అన్నీ కలిపి ఆ 5 శాతం ఎన్నేళ్లు తింటుందో లెక్కేసుకోండి.

నియమాలు మారడం మూడోది. ఇది మీ చేతిలో అసలు లేదు. టూరిస్టులకి రోజువారీ అద్దెకిస్తే నెలవారీ కంటే ఎన్నో రెట్లు వస్తుందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. నిజమే, వచ్చింది కూడా. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు అద్దెలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసి, అతిథి ఉన్నంతకాలం ఇచ్చిన మనిషి కూడా ఆ ఇంట్లోనే ఉండాలంది. ఆ ఒక్క నియమంతో అలాంటి ఇళ్లు చాలావరకు మార్కెట్లోంచి మాయమయ్యాయి. బార్సిలోనా నగరమైతే 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబరు నాటికి లేకుండా చేస్తామని 2024లో ప్రకటించింది. రోజువారీ అద్దె తప్పని నేననను. నెలవారీ అద్దెకి ఇచ్చినా లెక్క కుదిరే ఇంటికే రోజువారీ ప్రయత్నం చేయండి. 2020లో ప్రయాణాలు ఆగిపోయినప్పుడు, అప్పటికే ఫర్నిచర్ పెట్టి ఉన్న ఇళ్లను నెలవారీకి మార్చి బతికి బయటపడ్డవాళ్లు ఇలాంటివాళ్లే. నెలవారీ అద్దెతో ఈఎంఐలో పావు కూడా రాని ఇళ్లు కొన్నవాళ్లకి మార్చుకోవడానికి ఏమీ లేకపోయింది.

చిన్న మదుపరికి ఒక మంచి కూడా ఉంది, దాన్ని వాడుకోండి. మీకు కమిటీ లేదు, బోర్డు లేదు. మంగళవారం నిర్ణయం తీసుకుని బుధవారం అద్దె తగ్గించగలరు, గురువారం రంగులు వేయించగలరు. పెద్ద కంపెనీ మూడు నెలల్లో చేసే మార్పు మీరు వారంలో చేయొచ్చు. అహం అడ్డం రాకపోతే.

నాలుగో మార్పు మీ సొంత జీవితంలో వచ్చేది. మీ భార్య ఏమంటున్నారో ఉత్తరంలో ఎక్కడా లేదు. మొదట "కొందామని చూస్తున్నాను" అని రాశారు, "చూస్తున్నాం" అనలేదు. బ్యాంకు మాత్రం ఇద్దరి జీతాలూ కలిపే లోను అర్హత లెక్కిస్తుంది. ఇద్దరిలో ఒకరి జీతం ఏడాది పాటు ఆగితే, అది ఉద్యోగం పోవడం కావచ్చు, పాపాయి పుట్టడం కావచ్చు, పెద్దవాళ్ల అనారోగ్యం కావచ్చు, ఒక్క జీతంతో ఇంటి ఖర్చూ ఈ ఈఎంఐలోని లోటూ రెండూ గడుస్తాయా? బ్యాంకు ఇస్తానన్న అంకె పక్కన పెట్టి ఈ ప్రశ్నకి వచ్చే అంకెనే మీ హద్దుగా పెట్టుకోండి. ఇద్దరూ కూర్చుని ఈ లెక్క వేయండి, కాగితాలు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలియాలి.

ఇవన్నీ చేసినా ఒక్కోసారి అమ్మాల్సే వస్తుంది. అందులో తప్పేమీ లేదు. ఎప్పుడు అమ్మాలో కొనే రోజే రాసి పెట్టుకోండి, కష్టంలో ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం బాగుండదు. నా డైరీలో ఇలా ఉంటుంది: నిలవ సగానికి పడిపోతే కొత్త ఖర్చులు ఆపాలి, రెండు నెలల ఈఎంఐకి పడిపోతే ఇల్లు అమ్మకానికి పెట్టాలి. నిలవ పూర్తిగా అయిపోయాక అమ్మకానికి పెడితే కొనేవాళ్లకి మీ తొందర వాసన తగులుతుంది. రెండు నెలలు చేతిలో ఉంటే మొదటి బేరానికి "వద్దు" అనగలరు. మీ మిత్రుడి నష్టంలో ఎంత భాగం మార్కెట్ వల్ల, ఎంత భాగం తొందర వల్ల అనేది నాకు ఆసక్తిగా ఉంది.

రెండో ఇంటి గురించి మీరు అడగలేదు, బావగారు తప్పకుండా ఎత్తుతారు. మొదటి ఇంట్లో ఒక అద్దెదారు వెళ్లి ఇంకొకరు వచ్చేదాకా, ఒక పెద్ద రిపేరు అయ్యేదాకా రెండోదాని మాట వద్దు. మొదటి ఇంటి ధర పెరిగింది కదా అని దాని మీద ఇంకో లోను తీసి రెండోది కొనడం అసలే వద్దు. 2008కి ముందు అమెరికాలో లక్షల మంది చేసిందదే, పెరిగిన ధరను బ్యాంకు దగ్గర డబ్బుగా మార్చుకున్నారు. ధర వెనక్కి వెళ్లింది, అప్పు వెళ్లలేదు.

ఈ వారాంతం బావగారిని కలిసినప్పుడు ఒకటి అడగండి. మూడు ఇళ్లలో ఏది, కొన్నప్పటి నుంచీ మొత్తం ఎన్ని నెలలు ఖాళీగా ఉంది, ఆ నెలల్లో ఈఎంఐ ఎక్కడి నుంచి కట్టారు. ఆయన టక్కున అంకె చెబితే, మనిషి లెక్కలు రాసుకునేవాడు, మిగతా సలహాలు కూడా శ్రద్ధగా వినండి. "అవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారయ్యా" అని నవ్వేస్తే, కాఫీ తాగి వచ్చేయండి. మీరు చూస్తున్న ఫ్లాట్ ధర, ఆ బిల్డింగులో అద్దె, బ్యాంకు చెప్పిన వడ్డీ, మెయింటెనెన్స్ ఛార్జీ, ఈ నాలుగూ రాసి పంపండి. మీ భార్యతో కలిసి చూసిన నిలవ అంకె కూడా.